జాగీర్లు పోయాక

కోనసీమ వాళ్లకు సర్కారు తాలూకా కచేరీ పాత సంగతే. నైజాం ఇలాకాలో, అంటే హైదరాబాదు సంస్థానంలో, నిజాం ఇచ్చిన పెద్ద జాగీర్లలో మాత్రం అప్పట్లో శిస్తు జాగీర్దారుదే, పోలీసూ ఆయనదే, కోర్టూ ఆయనదే.

దాని మీద రైతుల సాయుధ పోరాటం, నిజాం పక్షాన రజాకార్ల దాడులు జరిగాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి సంస్థానాన్ని చేతిలోకి తీసుకుంది. మరుసటి ఏడు ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. శిస్తు, పోలీసు, కోర్టు మూడూ సర్కారు చేతికొచ్చాయి. 1950లో కౌలుదార్ల రక్షణకు చట్టమూ వచ్చింది.

ఇక్కడొకటి గుర్తుంచుకోండి. కచేరీని ఉత్తర్వుతో మార్చొచ్చు. జనం నమ్మకం ఉత్తర్వుతో రాదు.

హైదరాబాదులో ఆ కొత్త కచేరీలు నడపడానికి మన ఆంధ్ర ప్రాంతం నుంచి కూడా ఉద్యోగుల్ని తీసుకెళ్లి వేశారు. పని తెలిసినవాళ్లే కావచ్చు. మరి చదువుకున్న స్థానిక కుర్రాళ్ల సంగతి? కొలువులు దక్కడం లేదని వాళ్ల కడుపు మండింది. ఆ బాధ న్యాయమైనదే అంటాను. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడే కొలువులు స్థానికులకే (ముల్కీలకే) ఇవ్వాలంటూ ముల్కీ ఉద్యమం రేగి, హైదరాబాదులో కాల్పుల దాకా వెళ్లింది.