కాలేయమునకు కవచమైన సిస్టీను



మన కుత్బుల్లాపూరు ప్రాంతము ఔషధనిర్మాణమునకు పేరుగన్నది. జీడిమెట్ల పారిశ్రామికవాటికయందు మందులు చేయు కర్మాగారములు పెక్కులు గలవు. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. సంస్థయొక్క బాలానగరపు కర్మాగారము మూతపడినను, దాని పేరు వాడలకు నిలిచియున్నది. ఇట్లు మందులనడుమ నివసించు మనము, మందు మేలుచేయు మేరను, కీడుచేయు మేరను గూడ నెఱుంగవలయును.

యకృత్తనగా కాలేయము. గాలియు తడియు సోకి యినుము త్రుప్పుపట్టునట్లు, ప్రాణవాయువువలన బుట్టు నుగ్రపదార్థములు దేహకణములను జెఱుచును. వానిని శమింపజేయు ముఖ్యపదార్థము గ్లూటాథయోను. దీనికి 1921లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు హాప్కిన్స్ నామకరణము చేసెను. గ్లుటామిక్ ఆమ్లము, గ్లైసీను, సిస్టీను అను మూడు అమైనో ఆమ్లముల కూటమి యిది. వీనిలో గంధకము గలది సిస్టీనొక్కటియే. ఆ గంధకమే విషమును బట్టి బంధించును.

దీనికి నిదర్శనము మన యిండ్లలోనే కలదు. జ్వరమునకు వాడు పారాసిటమాలు తగుమాత్రయందు మంచిమందే. అందు గొలదిభాగము కాలేయమున విషముగా మాఱగా, గ్లూటాథయోను దానిని నిర్వీర్యము చేయును. మితిమీఱి మ్రింగినచో గ్లూటాథయోను హరించిపోవును. పిమ్మట విషము కణములనే పట్టి చంపును. మొదటిదినమున బాధ యంతగా దోపకపోవచ్చును. కామెర్లు కనబడునప్పటికి కాలేయమునకు గొప్పహాని జరిగియుండును.

ఎడింబరో నగరమున ప్రెస్కాట్ మున్నగు వైద్యులు అసిటైల్‌సిస్టీనును విఱుగుడుగా నిచ్చి, 1977లో ఫలితములను ప్రకటించిరి. గ్లూటాథయోను వెలుపలినుండి కణములోనికి సులభముగా జొరనేరదు. అసిటైల్‌సిస్టీను సిస్టీనును సమకూర్చగా కణమే దానిని మరల నిర్మించుకొనును. ఎనిమిది గంటలలోపల నిచ్చినచో ఇంచుమించు పూర్ణరక్షణము గలుగును. ఆలస్యమైనను ఇయ్యదగినదే.

కావున మా విన్నపమిది. పెద్దవారైనను దినమునకు నాలుగు గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల బిళ్ళలెనిమిది, మించరాదు. మద్యపానము చేయువారును, కృశించినవారును వైద్యునడిగి యింకను దక్కువగా వాడవలయును. కొన్ని జలుబుమందులలోను పారాసిటమాలుండును గనుక పొట్లముపై వ్రాత చదువవలయును. తెలియకగాని మనోవ్యథచేగాని యెక్కువ మ్రింగినవారిని నిందింపక, పసరుమందులకై కాలము గడుపక, తత్క్షణమే ఆసుపత్రికి జేర్పవలయును. అంగడి యమైనో ఆమ్లపు పొడులు దీనికి విఱుగుడు కావు.

ఈ నాలుగుమాటలను సంఘశాఖలవారు ఇంటింటికిని దెలుపుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.