గ్రుడ్డులోని కొవ్వు - కోడిపిల్ల వంశం



మొన్న వేసవిలో పుత్తూరు దగ్గర బ్రాయిలర్ కోళ్లు పెంచే ఒక పెద్దాయన నన్ను పిలిపించినాడు. రెండు దినాల పిల్లలు చచ్చిపోతున్నాయి. ఒకదాన్ని కోసి చూసి, "కార్జం పసుపుపచ్చగా వుంది సార్, కామెర్లే" అన్నాడు. మందుకూడా కొని పెట్టుకున్నాడు.

అది కామెర్లు కాదు. ఆ వయసు పిల్లకు కార్జం పసుపుపచ్చగానే వుంటుంది. ఆ రంగు పచ్చసొనది. గ్రుడ్డులో వుండే 21 రోజులకూ తల్లి కట్టి యిచ్చిన సద్దిమూట ఆ సొనే. మామూలు గ్రుడ్డులో 5, 6 గ్రాముల కొవ్వు వుంటుంది. పిండానికి కావలసిన శక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా ఆ కొవ్వు కాలితేనే వస్తుంది. సొన చుట్టూ పెరిగే పలుచని పొర కొవ్వును పీల్చి నెత్తురులోకి పంపుతుంది. కొంత కార్జంలో నిలవ చేరుతుంది.

మరి పిల్లలెందుకు చచ్చినట్టు? యిక్కడ వంశం సంగతి చెప్పుకోవాలి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంవారు 1957, 1978, 2005 నాటి మాంసపుకోళ్ల వంశాలను ఒకే మేతతో పెంచి, 2014లో లెక్క ప్రకటించినారు. 56 రోజులకు అవి తూగినవి వరుసగా 905, 1,808, 4,202 గ్రాములు. మేత ఒక్కటే, మారింది ఏరి ఏరి కట్టిన వంశం. ఆ తొందర గ్రుడ్డులోనే మొదలవుతుంది. బ్రాయిలర్ పిండం చివరి రోజుల్లో కొవ్వును జోరుగా కాల్చి, గ్రుడ్లజాతి పిండంకంటె ఎక్కువ వేడి పుట్టిస్తుంది. పెంకు మీద వేడి 100 ఫారన్‌హీటు డిగ్రీల దగ్గర వుండాలి. 102, 103కు పోతే సొన సరిగా హరించదు, బొడ్డు మూసుకోదు. మన నాటుపెట్ట అయితే మధ్యలో లేచి మేసి వస్తుంది, గ్రుడ్లు కాస్త చల్లారుతాయి. యంత్రానికి ఆ తెలివి మనిషే యివ్వాలి.

పెద్దాయన పిల్లల బొడ్లు తడిగా, వాసనగా వున్నాయి. లోపల సొన అట్లే వుంది. పైగా ఆయన ఒక పగలూ రాత్రీ మేత వేయలేదు. "మా నాయన కాలంలో రెండు దినాలు ఏమీ వేసేవాళ్లం కాదు, కడుపులో సొన వుంటుంది గదా" అన్నాడు. సొన వుండే మాట నిజమే. పుట్టేముందు మిగిలిన సొన కడుపులోకి పోయి రెండు మూడు దినాలు ప్రాణం నిలబెడుతుంది. ప్రాణం నిలవడం వేరు, పెరగడం వేరు. మేత పేగుల్లో పడితేనే ఆ సొనకూడా త్వరగా కరుగుతుంది. పరుగెత్తే వంశాన్ని కొని పస్తు పెడితే యెట్లా?

పిల్లలు దిగిన వెంటనే నీళ్లు, మేత రెండూ చూపండి. పెట్టెకు పది పిల్లలను వెల్లకిలా తిప్పి బొడ్డు చూడండి. మరునాటికి నూటికి 95 పిల్లలకైనా మెడకింది మేతసంచి నిండి వుండాలి. బొడ్డు తడిగా వుంటే వాటిని వేరు చేసి, చచ్చినవాటిని పశువైద్యునికి చూపండి. 1955నుండి వున్న తిరుపతి పశువైద్య కళాశాల మనకు దూరమేమీ కాదు. మందు సీసా విప్పేది ఆ తరువాతనే.