నీలి గుడ్డ ప్రయాణం



బానిస ఓడలంటే ఎక్కడో ఆఫ్రికా, అమెరికాల గొడవ, మనకేం పట్టింది అనుకుంటాం. కాని ఆ ఓడల కెక్కిన సరుకులో మన ఆడవాళ్లు రాట్నం మీద వడికిన నూలు కూడా ఉందండీ.

1781లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో బ్రూక్స్ అనే ఓడను కట్టారు. ఇలాంటి ఓడలు గుడ్డలు, తుపాకులు, సారాయి వేసుకుని ఆఫ్రికా పడమటి తీరానికి పోయేవి. అక్కడ వాటికి బదులు మనుషుల్ని కొని, సముద్రం దాటించి జమైకా వంటి దీవుల్లో అమ్మి, పంచదారతో ఇల్లు చేరేవి. ఏ మూలకు పోయినా లాభమే! బ్రూక్స్‌లో 454 మందిని మించరాదని 1788 చట్టం లెక్క కట్టింది. అంతకుముందు ఒకసారి 609 మందిని కుక్కారట. ఈ వ్యాపారం గిట్టనివాళ్లు ఓడ పటం గీసి అచ్చువేశారు. మగమనిషికి 6 అడుగుల పొడుగు, 16 అంగుళాల వెడల్పు జాగా. మన భోజనాల పీట వెడల్పు ఇంచుమించు అంతే. ఆడవాళ్లకు పొడుగు మరో 2 అంగుళాలు తక్కువ. అలా వారాల తరబడి ప్రయాణం.

ఇక గుడ్డల సంగతి. ఆఫ్రికా బేరగాళ్లు పట్టింపు మనుషులు, నచ్చని గుడ్డ ముట్టేవారు కాదు. నీలిమందు అద్దకంలో మనవాళ్లు దిట్టలు. అందుకే కోరమాండల్ తీరపు నూలు గుడ్డ లండను చేరి, అక్కణ్ణుంచి మళ్లీ ఆఫ్రికా ఓడ ఎక్కేది. నెల్లూరు సీమ నీలి గుడ్డలైతే వెస్టిండీసుకు పోయి తోటల్లోని బానిసలకు కట్టుబట్టలయ్యాయి. నేసినవాడికి గాని, వడికిన ఇల్లాలికి గాని ఆ గుడ్డ ఎవరి ఒంటిమీదికి పోతోందో తెలిసే దారేదీ? నాకిక్కడే మనసు చివుక్కుమంటుంది.

1791 నుంచి ఇంగ్లండులో ఎందరో ఇల్లాళ్లు బానిసల చేత పండించిన పంచదార మానేశారు. ఓటు లేకపోతేనేం, వంటింటి డబ్బా వాళ్ల చేతిలోదే కదా!

1807లో బ్రిటిషువారు బానిస వ్యాపారాన్ని నిషేధించారు. 1834 ఆగస్టు 1న చట్టప్రకారం బానిసత్వమే రద్దయింది. యజమానులకు 2 కోట్ల పౌన్ల పరిహారం, బానిసలకు దమ్మిడీ లేదు. నెల్లూరు గుడ్డకు ఆ గిరాకీ పోయింది. ఆ ఏడాదే మారిషస్ చెరకు తోటలకు మన దేశపు కూలీలను ఓడ ఎక్కించడం మొదలైంది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. అందులో 342 మంది, తెలుగువాళ్లూ ఉన్నారు. వీళ్లను కొనలేదు, అయిదేళ్ల ఒప్పందానికి తెచ్చారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రిజిస్టర్లో రాసుకున్నారు. అక్కడి మునిమనవలు తమ ఊరి పేరు కోసం ఇప్పటికీ ఆ జాబితాలు తిరగేస్తుంటారు.