పొయ్యి చుట్టూ మొదలైన ఆట



ఈరోజు మనం స్కాట్లాండ్, ఐర్లండ్ వాళ్ల 'కేలీ' గురించి చెప్పుకుందాం. వాళ్ల గేలిక్ భాషలో ఈ మాటకు అసలు అర్థం ఇరుగుపొరుగు ఇంటికి వెళ్లి కూర్చోవడం. చలికాలం రాత్రుళ్లు ఒక ఇంట్లో పొయ్యి చుట్టూ చేరేవారు. పెద్దలు కథలు చెప్పేవారు, ఒకరు పాట ఎత్తుకునేవారు, ఇంకొకరు ఫిడేలు వాయించేవారు. చోటుంటే లేచి ఆడేవారు. చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అన్నది లేదు.

హాలులో జరిపే కేలీ తర్వాత వచ్చింది. 1897లో గేలిక్ లీగ్ వాళ్లు లండన్‌లో దాన్ని పెట్టారు. 1935లో ఐర్లండ్‌లో లైసెన్సు లేకుండా బహిరంగ నృత్యాలు జరపకూడదని చట్టం వచ్చింది. దాన్ని చూపి ఇళ్లలోని ఆటలను కూడా ఆపించారు. చాలాచోట్ల ఇంటి ఆట తగ్గిపోయింది.

అయినా వాళ్లు వదల్లేదు. 1951లో ఐర్లండ్ వాద్యకారులు సంఘం కట్టుకుని, ఏటా సంగీత జాతర మొదలుపెట్టారు. 1981లో స్కాట్లాండ్‌లోని బార్రా దీవిలో పిల్లలకు పాట, వాద్యం, ఆట నేర్పే 'ఫేష్' మొదలైంది. ఇప్పుడు స్కాట్లాండ్ పెళ్లిళ్లలోనూ కేలీ ఉంటుంది. అడుగులు రానివాళ్లకు ఒకరు పైకి చెబుతూ ఆడిస్తారు. తప్పు అడుగు వేస్తే నవ్వుకుని మళ్లీ కలుస్తారు.

మన థింసా కూడా చేతులు కలిపి ఆడేదే. అతిథులు వచ్చినప్పుడు వేదిక మీద పది నిమిషాలు ఆడి దిగిపోతే అది మనకు మిగలదు. ఈ పండక్కి ఫోన్లు పక్కన పెట్టి, అమ్మమ్మల పక్కన వరుసలో నిలబడదాం.