నావ ఇంజనులు – గొట్టపు క్లిప్పులు
(కూకట్‌పల్లి వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు అగ్నికులోత్పత్తిని గూర్చి గాని, గోత్రప్రవరలను గూర్చి గాని ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. సంస్కృతము చదువుకొన్నవానికి అట్టి విషయమే తగునని వారి తలంపు. దానిని గూర్చి పెద్దలు పలుమాఱులు వ్రాసియే యున్నారు. మరల మేము చెప్పుటవలన క్రొత్తగా తెలియునది స్వల్పము. కావున వారి యనుమతితో, నావ ఇంజనునందలి రబ్బరు గొట్టములను బిగించు క్లిప్పును గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచితిమి. ఇది విని కొందఱు నవ్వవచ్చును. నవ్వువారిలో నడిసముద్రమున నావలోని నీరు తోడి రాత్రి గడపినవారు మాత్రము ఉండరు.

ఈ వస్తువునకు 'నాళబంధము' అని పేరు పెట్టుట మాకు కష్టము గాదు. కాని రేవులోని మెకానిక్కును నాళబంధము తెమ్మన్నచో అతడేమి తెచ్చునో చెప్పజాలము. కనుక వాడుకలోనున్న క్లిప్పు అను మాటనే గ్రహించుచున్నాము.

మనము అగ్నినుండి పుట్టినవారమని చెప్పుకొందుము, బ్రదుకునది నీటిమీద. సముద్రగర్భమున బడబాగ్ని మండుచుండునని పురాణములు చెప్పుచున్నవి. నేటి మరనావ అడుగున డీజిలు ఇంజను చేయుచున్నది ఇంచుమించుగా ఆ పనియే. ఆ యగ్ని హద్దు మీఱకుండుటకై పెద్ద నావలు పెక్కింటిలో సముద్రజలమును లోనికి దెచ్చి, ఇంజను వేడిని దానికిచ్చి, మరల వెలికి బంపుదురు. ఆ నీరు వచ్చుట నావ అడుగున చేసిన రంధ్రముగుండ. రంధ్రమునకు వాల్వు, వాల్వునుండి పంపు, పంపునుండి కూలరు, కూలరునుండి పొగగొట్టము. వీని నడుమనున్నది రబ్బరు గొట్టము. గొట్టపు ప్రతి కొసయందును ఒక క్లిప్పు. గాలిచే చల్లబడు చిన్న ఇంజనులుగల ఫైబరు తెప్పలలో ఈ నీటి గొట్టములు లేవు. వారికి డీజిలు గొట్టపు క్లిప్పులతోనే పని.

ఆ మొదటి క్లిప్పు విడిపోయినచో ఏమగునో లెక్క కట్టి చూడుడు. ఒక అంగుళము వ్యాసముగల రంధ్రము నీటిమట్టమునకు రెండడుగుల దిగువ నున్నచో నిమిషమునకు సుమారు 60 లీటర్ల నీరు లోనికి వచ్చును. పది లీటర్ల బక్కెట్టుతో నిమిషమునకు ఆఱేసి బక్కెట్లు ఎడతెగక తోడిన గాని నావలోని నీరు పెరుగక నిలువదు. ఇంతలో చల్లని నీరందక ఇంజను కాగిపోవుచుండును. నీరును నిప్పును ఒకేమాఱు పగబట్టినట్లగును.

మేమెఱిగిన యొక కుటుంబమువారి నావ కాకినాడ రేవునకు మరలివచ్చుచుండగా నడిరేయి ఇట్లే జరిగినది. నావలోని వారందఱును ప్రాణములతో వచ్చిరి, నావయు మిగిలెను. కాని ఇంజను మునిగి చెడినది, వేటకాలము పోయినది, అప్పునకు వడ్డి మాత్రము ఆగలేదు. రెండవ కుమారుడు చదువు మాని బాలానగరములోని కర్మాగారమున కూలికి కుదిరెను. అతడు నేడీ సభయందే కూర్చుండియున్నాడు. పేరు చెప్పుట మర్యాద గాదు. తరువాత ఆ క్లిప్పును చూచితిమి. పట్టీ తళతళలాడుచునే యున్నది. మర మాత్రము తుప్పై పొడియైపోయినది.

మోసమంతయు ఇచ్చటనే గలదు. మరత్రిప్పి బిగించు ఈ క్లిప్పునకు బ్రిటిషు నౌకాదళమున కమాండరుగా పనిచేసిన లమ్లీ రాబిన్సను 1921లో పేటెంటు పొందెను. 'జూబిలీ క్లిప్పు' అను పేరు దానినుండి వచ్చినదే. ఇందు పట్టీ, మరగూడు, మర అని మూడు భాగములు. బజారులో దొరకు చౌక క్లిప్పులందు పట్టీ తుప్పు పట్టని ఉక్కుతో నుండును. మర మామూలు ఇనుముపై జింకుపూత పూసినదై యుండును. మోటారుబండ్లకు అది చాలును, ఉప్పునీటికి చాలదు. కావున కొనుటకు ముందు చేతిలో చిన్న అయస్కాంతము నుంచుకొని మరకు తాకింపవలెను. గట్టిగా అంటుకొన్నచో ఆ క్లిప్పు మనకు వలదు. కొంచెము లాగినట్లనిపించినంతమాత్రమున త్రోసివేయ బనిలేదు. మంచి ఉక్కు సయితము సాగగొట్టినప్పుడు స్వల్పముగా ఆ గుణమును పొందును.

అయినను మంచి ఉక్కులలో 304, 316 అను రెంటికిని గల భేదమును అయస్కాంతము తెలుపజాలదు. 316లో మాలిబ్డినము అను లోహము నూటికి రెండు మూడు పాళ్ళు కలియుటచే అది ఉప్పునీటికి ఎక్కువ యోర్చును. క్లిప్పుపై చెక్కిన గుర్తును చదువుడు. జర్మను పద్ధతిలో 'డబ్ల్యూ 1' అనగా అంతయు పూత పూసిన ఇనుము. 'డబ్ల్యూ 2' అనగా పట్టీ మంచిది, మర పూతది. 'డబ్ల్యూ 4' అనగా అన్ని భాగములును 304 జాతివి. 'డబ్ల్యూ 5' అనగా అన్నియు 316 జాతివి. నీటిమట్టమునకు దిగువనుండు గొట్టములకు 'డబ్ల్యూ 5' దక్క వేఱొకటి వలదని మా గట్టి యభిప్రాయము.

పట్టీకి నిలువునా చీలికలు కోసినవియు, చీలికలు లేక పైకి పండ్లు మాత్రము అచ్చొత్తినవియు నని రెండు తెఱగులు గలవు. రెండవదే మేలు. చీలికలలో రబ్బరు చొచ్చుకొని తెగును, ఉప్పునీరును నిలుచును. తుప్పు పట్టని ఉక్కును కాపాడునది దానిపైనుండు కంటికి గానరాని పొర. ఆ పొర నిలుచుటకు ప్రాణవాయువు కావలెను. గాలి సోకక నీరు నిలిచిన సందులందు ఆ పొర చెడి, పైకి మెఱయుచుండగనే లోన గుంటలు పడును. పొగగొట్టపు లావు రబ్బరు గొట్టములకు టీ-బోల్టు క్లిప్పులు వాడుట యుక్తము.

బిగించు విధమును గూర్చి. క్లిప్పు గొట్టమునకు సరిపడు కొలతదై యుండవలెను. మిక్కిలి పెద్దదైనచో మిగిలిన కొస చేతులు కోయును. నీటిమట్టమునకు దిగువ ఒక్కొక్క కొసకు రెండేసి క్లిప్పులు వేసి, మరలు ఎదురెదురు దిక్కుల నుండునట్లు చూడవలెను. అయితే లోని లోహపుముక్కు పొడుగు చాలినప్పుడే రెండు. చాలనప్పుడు రెండవ క్లిప్పు ముక్కు అంచుపై బడి గొట్టమునే కోయును. స్క్రూడ్రైవరు జాఱును, 7 లేక 8 మిల్లీమీటర్ల బాక్సు స్పానరుతో త్రిప్పుట మేలు. రబ్బరు పట్టీ అంచున కొంచెము ఉబ్బినంతనే ఆపవలెను. బలమున్నదిగదా యని ఇంకను త్రిప్పువారే ఎక్కువ చెఱచుచున్నారు. ఇంజను కొంతసేపు నడచి చల్లారిన పిమ్మట మరల నొకమాఱు సరిచూడవలెను. మర తలను మురికినీటిలో మునుగునట్లు క్రిందికి త్రిప్పరాదు. కట్టుతీగతోను, సైకిలు ట్యూబు ముక్కతోను కట్టి వేటకు పోవువారిని గూర్చి మేమేమియు చెప్పము. వారి తల్లులే చెప్పవలెను.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మరనావల వేట నిషిద్ధము. వలలు బాగుచేసుకొను ఆ దినములందే ప్రతి క్లిప్పును ఒక చుట్టు వదల్చి, మరల బిగించి చూడవలెను. తిరుగనిదానిని తీసివేయవలెను. కంటికి గానరాని అడుగువైపు వ్రేలితో తడిమినను, చిన్న అద్దముతో చూచినను తెలియును. గోధుమవన్నె చాఱ యున్నచో దానిని తుడిచి ఊరకుండక క్లిప్పునే మార్చవలెను. గొట్టము బిఱుసెక్కి బీటలు వాఱినచో దానిని సయితము మార్చవలెను. నావ రేవున కట్టియున్నపుడు అడుగు వాల్వును మూయవలెను. మెత్తని కొయ్యతో కోసుగా చెక్కిన బిరడాను ప్రతి వాల్వు ప్రక్కను త్రాటితో కట్టియుంచుట పాశ్చాత్య నావికుల యలవాటు. మన వడ్రంగులు గడియలో చేయగలరు. ఇంజను పని నేర్వగోరు పిల్లలకు కాకినాడలోని రాష్ట్ర మత్స్యసాంకేతిక సంస్థ యున్నది.

సముద్రము గానరాని ఈ కూకట్‌పల్లిలో ఈ మాటలేల యని యడుగుదురేమో! మంచి సరకు మన రేవులందలి చిన్న దుకాణములలో ఎల్లప్పుడు దొరకదు. అడుగువారు లేమి తెప్పింపరు. ఇచ్చట బాలానగరము, జీడిమెట్ల కర్మాగారములందు మన పిల్లలు పనిచేయుచున్నారు; రాణీగంజి దుకాణములు దగ్గఱనే యున్నవి; హైటెక్ సిటీలో కొలువు చేయువారు కూర్చున్నచోటినుండియే సరకు తెప్పింపగలరు. పండుగకు ఇంటికి పంపు సొమ్ములో కొంత, ఏటేట మార్చి మాసాంతమునకు క్లిప్పుల రూపమున పంపుడని మా ప్రార్థన. అన్నగారి నావలోని గొట్టముల లావు ఎంతయో ముందుగా కొలిపించి తెలిసికొనుడు. ఉజ్జాయింపుగా పంపిన క్లిప్పులు అటుకపైననే యుండును. ఈ సంచికకు ప్రకటనలిచ్చిన దాతలలో నొకరిద్దఱు ఈ కొనుగోలును ఒక్కచోట జరిపింప నిశ్చయించినచో వెల తగ్గును, మోసమును తగ్గును.

మందిరద్వారమువద్ద బల్లపై నాలుగు తరగతుల క్లిప్పులు ఉంచితిమి; ఆ తుప్పుపట్టిన పాత క్లిప్పును కుటుంబమువారి యనుమతితో వాని ప్రక్కనే యుంచితిమి. అయస్కాంతమును అచ్చటనే యున్నది. సభానంతరమున పరీక్షించి చూడగోరుచు సెలవు గైకొనుచున్నాము.