ఆ బట్ట నేసింది ఎవరు? పిల్లలతో సూరత్ మ్యూజియానికి

(సూరత్‌లో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు మన పిల్లల్ని మ్యూజియానికి తీసుకుపోవడం గురించి మాట్లాడతాను. చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, చిన్నది కాదు.

సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ నుంచి సాంచాల మీద పనికి వచ్చినవాళ్లే. నాన్నలకు పన్నెండు గంటల షిఫ్టు. అమ్మలు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు, టిక్కీలు అంటిస్తారు. లింబాయత్ లాంటి పేటల్లో పెరిగే పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. సిటీలైట్ రోడ్డులోని సైన్స్ సెంటర్ కూడా ఆ సంస్థదే. 19వ శతాబ్దం చివర్లో వించెస్టర్ అనే దొర పేరుతో మొదలైన సర్దార్ పటేల్ మ్యూజియం ఇప్పుడు అక్కడే ఉంది. జరీ బట్టలు, చెక్క చెక్కడాలు, పింగాణీ సామాను చూడొచ్చు.

పూట గడవనివాళ్లకు మ్యూజియం ఎందుకని అడిగేవాళ్లుంటారు. 1923లో బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు, కచేరీలు అంటరానివాళ్లకూ తెరవాలన్నది. అప్పుడు సూరత్ కూడా బొంబాయి ప్రెసిడెన్సీలోదే. 1924లో మహాడ్ మున్సిపాలిటీ తన చెరువు తెరిచినట్టు తీర్మానం రాసుకుంది. అయినా బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి 1927 మార్చి 20న ఆ నీళ్లు ముట్టేదాకా అది కాగితంగానే ఉంది. ఆ తర్వాత మనవాళ్ల మీద దాడులు జరిగాయి, చెరువును 'శుద్ధి' చేశారు. రాజ్యాంగం 15(2) అధికరణ వెనుక ఈ చరిత్ర ఉంది. ఇవాళ మ్యూజియం గేటు దగ్గర మన పిల్లల్ని ఆపేవాళ్లు లేరు. తీసుకుపోయేవాళ్లూ లేరు. వాడుకోని హక్కు కాగితం మీదే మిగులుతుంది.

తీసుకుపోయాక ఏం చేయాలి? అన్ని గదులూ తిప్పొద్దు. చిన్నపిల్లలు అరగంటలో అలసిపోతారు. ఒక గది, మూడు వస్తువులు చాలు. నేల మీద కూర్చోబెట్టి బొమ్మ గీయమనండి. తెలుగులోనే మాట్లాడండి. జరీ బట్ట ముందు పడుగేది, పేకేది అని అడగండి. నాడె, కండె పేర్లు తెలిసిన పిల్లలు మీకే పాఠం చెబుతారు. బడిలో వెనకబడ్డాడని పేరుపడ్డ పిల్లవాడు అక్కడ పంతులవుతాడు.

తర్వాత మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరు తొడిగారు? ఎవరు నేశారు? నేసినవాళ్ల పేరు ఎక్కడ రాసి ఉంది?

మూడో ప్రశ్నకు జవాబు వెతకడం మన పని, పిల్లలది కాదు. గుజరాత్‌లో వణకర్లు నేతగాళ్లు, అంటరానివాళ్లు కూడా. వాళ్లు నేసిన గుడ్డ కావాలి, వాళ్లు ముట్టుకోకూడదు. తెలంగాణ ఎస్సీ జాబితాలో మాల సాలె, నేతాని అన్న పేర్లున్నాయి. నేత ఒక్క పద్మశాలీలదే అనుకునే మన పిల్లలకు ఇదీ తెలియాలి. పక్కవీధి గుజరాతీ దళిత పిల్లలతో వాళ్లకు చుట్టరికం కలిసేది ఇక్కడే. కులాన్ని శ్రమ విభజన అని సమర్థించేవాళ్లకు, అది శ్రామికుల విభజన అని బాబాసాహెబ్ జవాబిచ్చారు. అద్దాల పెట్టె ముందు ఆ మాట పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

మిమ్మల్ని అడిగేది ఇంతే. విద్యార్థులు ఒక్కొక్కరు నెలకో ఆదివారం నలుగురు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. షిఫ్టు దిగి పడుకున్న తల్లిదండ్రుల్ని నిందించకండి, వాళ్లకు తీరిక లేదు. అధ్యాపకులు తెలుగులో, ఒడియాలో వివరణ పలకలు కావాలని, నేసినవాళ్ల వివరాలు చేర్చాలని నగరపాలక సంస్థకు రాయండి. మన పేటల్లోని పాత నాడెలు, అమ్మలు అంటించిన చీర ముక్కలు, వాళ్ల మాటలు ఇప్పుడే సేకరించండి. పాతసామాను కొట్టుకు పోయాక దొరకవు.

తమ ఇంటి పని చరిత్రేనని తెలిసిన పిల్ల, ఆ పనికి కూలి ఎందుకింత తక్కువని కూడా ఒకరోజు అడుగుతుంది. ఆమె అడగాలి.

జైభీమ్.