కాలినడక దూరంలో ఇల్లు

(రాజమహేంద్రవరంలోని మన ఆలయ మండపమున జరిగిన వయోవృద్ధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే మాసంలో నేనూ, నా ధర్మపత్నీ హైదరాబాదుకు తరలిపోతున్నాము. “మీకు కారు లేదు, నడపడమూ రాదు. ఈ వయసులో ఆ మహానగరంలో ఎలా తిరుగుతారు?” అని మీలో చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నన్నూ ఏడాదిపాటు వేధించింది. నాకు దొరికిన సమాధానం ఇటువంటి ప్రయాణానికి సిద్ధమవుతున్నవారికి ఉపకరిస్తుందని ఈ నాలుగు మాటలు విన్నవిస్తున్నాను.

36 సంవత్సరాలు ఈ ఊరిలో తెలుగు పండితునిగా పనిచేశాను. బడికి సైకిలు, గౌతమీ గ్రంథాలయానికీ, పుష్కరాల రేవుకూ నడక. ఎవరినీ అడగకుండా గడప దాటగలగడం ఒక భాగ్యమని ఇన్నేళ్ళూ నాకు తోచనే లేదు.

మా అబ్బాయి ఇల్లు హైదరాబాదు పడమటి అంచున, ఔటర్ రింగురోడ్డు సమీపంలో ఉన్నది. గత సంవత్సరం ఒక నెల అక్కడ ఉండి చూశాము. విశాలమైన ఇల్లు. కొడుకూ కోడలూ ఏ లోటూ రానీయలేదు. అయితే బస్సు ఆగే చోటు రెండు కిలోమీటర్లు. దారిలో కాలిబాట లేదు. రక్తపోటు మాత్రలు అయిపోతే, ఫోనులో చెబితే ఇంటికే వస్తాయని కోడలు చూపించింది. మాత్రలు వచ్చాయి. నేను గడప దాటవలసిన ఆ ఒక్క పనీ పోయింది. ఒక రాత్రి మా ఇంటావిడ, “ఏమండీ, ఇక్కడ మనకు అన్నీ ఉన్నాయి. కాళ్ళే లేకుండాపోయాయి” అన్నది.

కారు లేనివాడు నగరాన్ని కాక వీధిని ఎంచుకోవాలని ఆ మాటతో నాకు బోధపడింది.

తరువాత పదిరోజులు చిక్కడపల్లిలో బంధువుల ఇంట ఉన్నాము. వేంకటేశ్వరాలయం, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, కూరల దుకాణాలు, అన్నిటికీ నడిచే వెళ్ళివచ్చాము. 2020 ఫిబ్రవరిలో అటుగా మెట్రో మార్గం కూడా వచ్చింది. స్టేషనులో లిఫ్టు ఉన్నది. పరేడ్ గ్రౌండ్స్ వద్ద ఒక్కసారి రైలు మారితే రాయదుర్గం చేరవచ్చు. అక్కడి నుండి అబ్బాయి ఇంటికి ఆటో. 2023 డిసెంబరు నుండి తెలంగాణ మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. “చిరునామా మారితే ముందుగా లాభపడేది నేనే” అని మా ఇంటావిడ నవ్వింది.

కష్టాలు లేవని చెప్పను. అద్దెకు కుదిరినవి రెండు గదులే. పెద్దరోడ్డు దాటడం నిత్యపరీక్ష. రాత్రి పొద్దుపోయాక మెట్రో ఉండదు.

అన్నిటికన్నా కష్టమైనది అబ్బాయికి చెప్పడం. “నాన్నగారూ, మిమ్మల్ని వేరే ఉంచానని నలుగురూ నన్నేమంటారు?” అని అతని కంఠం వణికింది. “నాయనా, నీవు తీసుకువెళితే రావడం వేరు, నిన్ను చూడాలనిపించి నేనే రావడం వేరు. ఆ రెండవది నాకు మిగుల్చు” అన్నాను. రెండు రోజులు మాటాడలేదు. మూడవనాడు కారు ఇంట విడిచి, మాతోపాటు మెట్రోలో చిక్కడపల్లి వచ్చాడు. స్టేషను నుండి మా అద్దె ఇంటి వాకిలి వరకు మౌనంగా నడిచి, “712 అడుగులు, నాన్నగారూ” అన్నాడు. అంతవరకూ లెక్కపెడుతున్నాడని నాకు తెలియదు.

కనుక పెద్దలారా, పిల్లలున్న ఊరికి వెళ్ళదలచినవారు ముందు ఒక నెల ఉండి చూడండి. ఇల్లు కుదుర్చుకునే ముందు, చేతిలో కూరల సంచితో బస్సు దిగిన చోటు నుండి ఆ వాకిలి వరకు నడవండి. ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి చీకటిపడ్డాక, వీలైతే ఒకసారి వానలో. పిల్లలకు కూడా ఒక మాట: తల్లిదండ్రులకు గది చూపించే ముందు, ఆ గది నుండి వారు తమంతట తాము ఎక్కడికి వెళ్ళగలరో చూడండి.

గోదావరిని విడిచిపోవడం బాధగానే ఉన్నది. కాళ్ళు ఆడినంతకాలం వస్తూనే ఉంటాను. సెలవు. శుభమస్తు.